మా ననె అడిగిన మాట

నాకు జబ్బు చేసిందని అందరికన్నా ఆఖరున తెలిసింది నాకే. తగ్గిపోయిందని మాత్రం అందరికన్నా ముందు నేనే అనుకున్నాను. ఆ రెండింటి మధ్య జరిగినదంతా మనసు కుదుటపడ్డాక ఇప్పుడు రాసుకుంటున్నాను. ఇంట్లో ఇలాంటి మనిషిని పెట్టుకుని, వీడు నటిస్తున్నాడా, నిజంగానే ఇంతా అని సతమతమయ్యేవాళ్ళు ఎవరైనా చదివితే కాస్త ఊరట కలుగుతుందేమోనన్న ఆశ కూడా ఉంది.

మాది కావలి. రైలుస్టేషను దగ్గర మాకు రొట్టెల భట్టీ ఉంది. మా నాన్న ఇరాన్‌లో యజ్ద్ పక్కనున్న పల్లె నుంచి కుర్రతనంలో బొంబాయికి, అక్కణ్ణుంచి హైదరాబాదుకి, చివరికి ఎవరి మాటో పట్టుకుని ఇక్కడికి వచ్చాడు. ఒకసారి వెనక్కి వెళ్ళి మా అమ్మను పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. అమ్మను మేం ననె అంటాం. అన్న హసన్‌ని నేను దాదాష్ అంటాను. నా పేరు రెజా. ఊళ్ళోవాళ్ళకి రజా. అన్నా నేనూ ఇక్కడే పుట్టి ఇక్కడి బళ్ళో చదువుకున్నాం కాబట్టి వీధిలో మా మాట తెలుగు, గడప దాటి లోపలికి వస్తే ఫారసీ. ననెకి మాత్రం తెలుగు సరిగా రాలేదు. "పాలు పొయ్యి", "బాగుండావా", "రేపు రా" లాంటి నాలుగు ముక్కలతో అన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

1958

నాన్న పోయిన మరుసటి ఏడు, ఎండాకాలం. స్టేషనులో మద్రాసు బండి ఆగినప్పుడల్లా కిటికీల్లోంచి చూసే జనం నా గురించి మాట్లాడుకుంటున్నారని నాకు అనిపించడం మొదలైంది. మొదట అనిపించడమే. తర్వాత వినిపించింది. బండి వెళ్ళిపోయాక కూడా ఆ మాటలు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయేవి. గోడ దూకి భట్టీలోకి వచ్చేవి. విచిత్రమేమిటంటే అవన్నీ తెలుగులోనే ఉండేవి. ఫారసీలో ఒక్క మాట కూడా లేదు. అందుకని నేను పగలంతా ఇంట్లో ననె కొంగు పట్టుకుని తిరిగేవాణ్ణి, ఆమె మాట్లాడుతున్నంతసేపూ నాకు కొంచెం నీడ దొరికినట్టుండేది.

ననె నన్ను దర్గాలకి తిప్పింది. తాయెత్తులు కట్టించింది. దాదాష్ మొదట్లో ఓపిక పట్టాడు. ఒకరోజు నేను పిండిలో ఎవరో విషం కలిపారని తొట్టిలోని పిండంతా కాలవలో పారబోశాను. పట్టుకోవడానికి వచ్చినవాణ్ణి కొరికాను. ఆ రోజే వాళ్ళు నన్ను మద్రాసు బండి ఎక్కించారు. ఏ బండి జనాన్ని చూసి భయపడ్డానో ఆ బండిలోనే నన్ను కూర్చోబెట్టారు. ఆ ప్రయాణం గురించి ఇంతకన్నా రాయలేను.

మద్రాసు పెద్దాసుపత్రిలో నేనున్న కాలం నాకు చాలావరకు గుర్తులేదు. కరెంటు పెట్టిన రోజుల్లో నోట్లో ఇనుము రుచి, తర్వాత మాత్రలు, కాళ్ళు బిగుసుకుపోవడం, ఎప్పుడూ దాహం. బయట జరిగిన ఒక్క సంగతి మాత్రం ననె చెప్పగా విన్నాను. ఆమె బయట వరండాలో కూర్చునేది. ఎవరితో ఏం మాట్లాడాలో తెలియదు. అరవం అసలే రాదు. అక్కడ కోవూరావిడ ఒకరు కనిపించింది. పేరు మార్తమ్మ. భర్తను అదే వార్డులో చేర్పించి, తనూ ఆ వరండాలోనే ఎదురుచూస్తోంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. అయినా మార్తమ్మ రోజూ తన గిన్నెలో అన్నం సగం తీసి ననె ముందు పెట్టేది. ననె తన నమాజు చేసుకుంటుంటే ఆవిడ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకునేది. ఒకనాడు వార్డు లోపల్నుంచి ఎవరో గట్టిగా అరిస్తే ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడ్డారట. ఆ అరిచింది నా కొడుకా, నీ భర్తా అని ఒకరి మొహం ఒకరు చూసుకుని, తెలియక, మళ్ళీ కూర్చుని చేతులు పట్టుకున్నారట. మద్రాసు గురించి ననె నాకు చెప్పింది ఇదొక్కటే.

1960

నన్ను ఇంటికి తీసుకొచ్చారు. మాత్రలు జీవితాంతం మానకూడదని చెప్పి పంపారు. చేతులు వణికేవి. ఒళ్ళు లావెక్కింది. కానీ ఒకరోజు సాయంత్రం స్టేషన్లో బండి వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. నేను భట్టీ అరుగు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. లోపలికి పరుగెత్తి "ననే, వాళ్ళు మాట్లాడ్డం లేదు" అన్నాను. ఆమె కూరగాయలు తరుగుతున్న కత్తిపీట వదిలేసి నా తల పట్టుకుని ఏడ్చింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఊరూ అలాగే అనుకుంది. "రజా బాగైనాడబ్బా" అని రొట్టెకి వచ్చిన ప్రతివాళ్ళూ అనేవాళ్ళు. నేను మళ్ళీ పిండి దగ్గర నిలబడ్డాను.

1962

అక్కణ్ణుంచి అసలు తగాదా మొదలైంది. రొట్టె ఒకరోజు ఉప్పు లేకుండా వచ్చేది. ఒకరోజు నోట పెట్టలేనంత ఉప్పు. ఇంకోరోజు పిండి పొంగేదే కాదు. బన్నుల కోసం వచ్చినవాళ్ళు "ఏంది రజా, గోడకి పూసే పిండా ఇది?" అని తిరిగిచ్చేసి పోయేవాళ్ళు. దాదాష్ నన్ను అడిగేవాడు. నేను చేయవలసినవన్నీ చేశానని చెప్పేవాణ్ణి. నిజంగా చేశాననే నాకు తెలుసు. ఉప్పు డబ్బా తీసినట్టు, వేసినట్టు, మూత పెట్టినట్టు కళ్ళకి కట్టినట్టుండేది. అది నిన్నటిదో మొన్నటిదో అన్న అనుమానం నాకెప్పుడూ రాలేదు.

తెలియకపోవడం ఎలా ఉంటుందని నన్ను ఆ తర్వాత కొందరు అడిగారు. ఎలాగూ ఉండదు. కాలు తిమ్మిరెక్కితే తిమ్మిరి తెలుస్తుంది. ఇది అలా కాదు. నా వరకు రోజంతా అతుకు లేకుండా సాఫీగా ఉంది. మరి రొట్టె ఎందుకు చెడుతోంది? నేను సరిగ్గానే చేస్తుంటే ఇంకెవరో చెడగొడుతున్నారన్నమాట. భట్టీలో ఇంకెవరున్నారు? దాదాష్ ఉన్నాడు.

ఒక ఉదయం నేను ఆ మాట కొట్టు ముందే, జనం మధ్య తెలుగులో అనేశాను.

"నన్ను ఎళ్ళగొట్టాలని నువ్వే చేస్తాండావు. నేను అటు తిరగంగానే ఉప్పు కలిపి పెడతాండావు."

దాదాష్ చేతిలో రొట్టె తీసే పొడవాటి చెక్క ఉంది. దాన్ని నేలకేసి కొట్టాడు. "నీ కోసం పెండ్లి మానుకుని కూర్చున్నా. నీ కోసం మద్రాసుకి తిరిగినా. నేను చెడగొడతాండానా? అబద్ధాలు చెప్పేదానికి మాత్రం బాగా తెలివొచ్చిందే నీకు!"

ఆ రోజు నుంచి దాదాష్ నాతో మాట్లాడడం మానేశాడు. నన్ను మళ్ళీ మద్రాసులో చేర్పిస్తానని, లేకపోతే భట్టీ మూసేసి హైదరాబాదు వెళ్ళిపోతానని ననెకి చెప్పాడు. గోడ అవతల నుంచి విన్నాను. ఇవి నాకు మాత్రమే వినిపించే మాటలు కావు, నిజం మాటలు. వాటికన్నా ఇవే నన్ను ఎక్కువ భయపెట్టాయి. ఆ వార్డు తలుపు, ఆ నోట్లో ఇనుము.  ననె ఇద్దరికీ విడివిడిగా వడ్డించేది, తను ఎవరితోనూ కూర్చునేది కాదు.

1963

నెల్లూరులో ఒక డాక్టరుగారు ఇలాంటి జబ్బులు చూస్తున్నారని తెలిసి, మద్రాసు వెళ్ళేముందు ఒకసారి ఆయనకి చూపించమని ననె పట్టుబట్టింది. ముగ్గురం బస్సులో వెళ్ళాం. డాక్టరుగారు వయసులో మాకంటే అంత పెద్దేమీ కాదు. తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరి పేర్లూ ఆయనే వచ్చి అడిగారు. దానికే నాకు సగం భయం తగ్గింది.

లోపల నన్ను కూర్చోబెట్టి, దాదాష్‌ని పక్కన ఉంచుకుని అడిగారు.

"మతిమరుపు ఉందా?"

"లేదండీ."

"చేస్తున్న పని మీంచి మతి పోతా ఉంటుందా?"

"లేదండీ."

"ఎవరైనా చెప్తున్న మాట మధ్యలో తప్పిపోతుందా?"

"లేదండీ. అన్నీ బాగుండాయి."

"చూసినారా?" అన్నాడు దాదాష్. "ఇట్టానే చెప్తాడు సార్. మీ ముందర గూడా ఇట్టానే."

డాక్టరుగారు అతన్ని చూశారు, నన్ను చూశారు. "మీ అమ్మగారు ఏమంటారు?"

"ఆమెకి తెలుగు రాదు సార్. నేను చెప్తా."

"మీరు చెప్పొద్దు," అన్నారాయన మెత్తగా. "మీ కోపం కూడా కలిపి చెప్తారు. ఫారసీ వచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

బజారులో అత్తరు కొట్టు నడిపే ఖాదర్ మున్షీగారికి ఫారసీ వచ్చని కాంపౌండరు చెప్పాడు. మనిషిని పంపారు. తెల్ల గడ్డం, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, ఎర్రటోపీతో మున్షీగారు వచ్చారు. తాతగారి దగ్గర పుస్తకాలు చదివి నేర్చుకున్న భాష అట. జన్మలో ఒక ఇరానీ మనిషితో ఆ భాషలో మాట్లాడింది లేదు. ఆ అవకాశం వచ్చినందుకు ఆయన మొహం వెలిగిపోతోంది. డాక్టరుగారు దాదాష్‌ని బయట కూర్చోమన్నారు. నన్ను మాత్రం ఉండమన్నారు.

మున్షీగారు గొంతు సవరించుకుని ననె వైపు తిరిగి ఫారసీలో మొదలుపెట్టారు. ఆ ఫారసీని తెలుగు చేస్తే దాదాపు ఇలా ఉంటుంది: "ఓ మహనీయురాలా, తమ పుత్రరత్నమునకు స్మరణశక్తి యందు లోపమేమైనను సంప్రాప్తించెనా?"

ననె కళ్ళు పెద్దవి చేసుకుని ఆయన్ని చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఈయన మాట్లాడుతున్నాడా, మసీదు గోడ మీద రాసింది చదువుతున్నాడా?" అంది. అని, ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. ఆమె నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందో. నేనూ నవ్వాను. మున్షీగారికి ఆ మాట అర్థమై, ఒక్క క్షణం చిన్నబోయి, ఆయన కూడా నవ్వారు. అర్థం కాకపోయినా డాక్టరుగారూ నవ్వారు.

అప్పుడు ననె మున్షీగారితో అంది: "వాణ్ణి అలా అడిగితే ఏం చెప్తాడు? నేనడుగుతాను ఉండండి." నా మోకాలి మీద చెయ్యి వేసి అడిగింది.

"రెజా, హవాసెత్ పర్త్ మీషె?"

ఇది మా ఇంట్లో రోజూ వినిపించే మాట. హవాస్ అంటే ధ్యాస. అది పర్త్ అయిందంటే ఎవరో విసిరేసినట్టు ఎక్కడో వెళ్ళి పడిందని. చిన్నప్పుడు పాలు ఒలకబోస్తే, చెప్పులు తారుమారుగా వేసుకుంటే ననె ఇదే అనేది. తిట్టు కాదు, జాలి కాదు. ఎవరికైనా అవుతుంది. నాన్నక్కూడా అనేది.

తెలుగులో డాక్టరుగారు అడిగిన ప్రతి ప్రశ్నలోనూ నాకు ఒకటే మాట వినపడింది: మతి. మతి చెడినవాడు, మతి లేనివాడు, మతి తప్పినవాడు అని వీధి వీధంతా నన్ను అన్న మాట అది. ఆ మాట ఎక్కడ తగిలినా లేదండీ అనడమే నాకు తెలుసు. ననె అడిగినదాంట్లో ఆ మాట లేదు.

"అవుతుంది, ననే," అన్నాను.

"ఎక్కువగానా?"

"చాలా. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా."

నా నోటి నుంచి వచ్చేదాకా అది నాకే తెలియదు. ఇలా రాస్తే నమ్మశక్యంగా ఉండదు కానీ అంతే జరిగింది.

 మున్షీగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ డాక్టరుగారికి తెలుగులో చెప్పారు. ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "అమ్మగారినే అడగమనండి. నేను చెప్తాను, మీరు ఆమెకి చెప్పండి, ఆమె తన మాటల్లో అడుగుతుంది."

అలా ప్రశ్న డాక్టరుగారి దగ్గర బయలుదేరి, మున్షీగారి దగ్గర పట్టుబట్టలు కట్టుకుని, ననె దగ్గర అవి విప్పేసి ఇంటి బట్టలు వేసుకుని నా దగ్గరకి వచ్చేది.

"ధ్యాస పోయినప్పుడు పిండి ఏమవుతుంది?"

"తెలీదు. తిరిగొచ్చేసరికి పిండి కలిపి ఉంటుంది. నేనే కలిపాననుకుంటాను."

"ఉప్పు?"

"వేశాననుకుంటాను."

"వెయ్యకపోతే?"

ననె చెయ్యి నా మోకాలి మీదే ఉంది. 

"దాదాష్ తీసేశాడనుకున్నాను," అన్నాను. "ఇప్పుడేమో తెలియడం లేదు."

ఆమె కూడా చెప్పింది. నా ఎదుట ఎన్నడూ అననివి. నేను అన్నం తిన్నాక మళ్ళీ వచ్చి అన్నం పెట్టమంటానని, తను ఏమీ అనకుండా కొంచెం పెడుతుందని. తన చెల్లెలి కథ చెప్తుంటే మధ్యలో నా కళ్ళు ఖాళీ అయిపోతాయని, అయినా తను ఆపకుండా చెప్తూనే ఉంటుందని. ఆపితే నాకు తెలిసిపోతుందని భయమట.

డాక్టరుగారు దాదాష్‌ని లోపలికి పిలిచారు.

"మీ తమ్ముడు అబద్ధం చెప్పడం లేదయ్యా. ఈ జబ్బుకి స్కిజోఫ్రేనియా అని పేరు. గొంతులు వినపడడం, అనుమానాలు, అవి అందరికీ కనపడే భాగం. ధ్యాస, జ్ఞాపకం దెబ్బతినడం ఎవరికీ కనపడదు. చాలామందికి తమకే కనపడదు. దాచడం కాదు, తెలియకపోవడం. ఇవాళ ఆయనకి కొంచెం తెలిసింది. మద్రాసు అక్కర్లేదు. ఇంట్లోనే ఉంచుకోండి."

"మళ్ళా సరవుతాడా సార్?"

"కొంత అవుతుంది. కొంత కాకపోవచ్చు. కానిదానికి మీరిద్దరూ దారి చూసుకోవాలి."

దాదాష్ బయటికి వెళ్ళి వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మున్షీగారు వెళ్తూ వెళ్తూ ననెకి వంగి సలాం చేసి, అత్తరు దూది ఒకటి చేతిలో పెట్టి, పుస్తకాల్లో లేని ఫారసీ నేర్పినందుకు షుక్రియా అన్నారు.

బస్సు పెన్న వంతెన దాటింది. కోవూరు వైపు పొలాలు కనపడుతుండగా అన్న నా భుజం తట్టి ఫారసీలో అడిగాడు: "ఏరా, ధ్యాస ఎక్కడుంది?"

"ఇక్కడే, దాదాష్. బస్సులో."

"పట్టుకో. కోవూరులో దిగిపోతుంది."

ముందు సీట్లో ననె వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

1964 నుంచి

అంతా బాగైపోయిందని రాస్తే అది అబద్ధం. ఈనాటికీ సినిమా చూస్తే సగంలో కథ జారిపోతుంది. బజారుకి రెండు పనుల మీద పంపితే ఒకటే చేసుకొస్తాను. భట్టీ నిప్పు దగ్గర నన్ను ఒంటరిగా వదలరు, నేనూ అడగను. మాత్రలు మానుకుందామని ఒకసారి ప్రయత్నించి, స్టేషన్లో మాటలు మళ్ళీ మొదలవగానే బుద్ధి తెచ్చుకుని వేసుకున్నాను.

కానీ పని కుదుటపడింది. దాదాష్ ఒక పద్ధతి పెట్టాడు. పిండి కలిపేటప్పుడు ఏది వేసినా దాని పేరు ఫారసీలో గట్టిగా అరవాలి. ఉప్పు తీసి నేను "నమక్!" అంటే అవతల్నుంచి అన్న "నమక్!" అనాలి. అన్న పలక్కపోతే నేను వెయ్యకూడదు. రొట్టెకి వచ్చిన జనానికి ఇదొక వేడుక అయింది. "నమక్ పడిందా రజా?" అని వీధిలోంచే అడిగేవాళ్ళు. మొదట్లో సిగ్గేసేది. తర్వాత ఆ మాట విననిదే పిండి కలిపినట్టు ఉండేది కాదు. చెయ్యి తప్పితే తప్పింది అనడం నేర్చుకున్నాను. ఆ ఒక్క మాటతో ఇంట్లో ఎన్ని తగాదాలు తగ్గాయో! దాదాష్‌కి పెళ్ళయింది. వదినకి పెళ్ళికి ముందే అన్నీ చెప్పాం. ననె మళ్ళీ మా ఇద్దరి మధ్య కూర్చుని భోంచేస్తోంది.

1966

కావలి బజారులో చేపలమ్మే పోలమ్మ అని సముద్రం ఒడ్డునున్న జువ్వలదిన్నె ఆమె మా కొట్టుకి బన్నులకి వచ్చేది. ఒకరోజు అందరూ పోయేదాకా ఆగి అడిగింది.

"రజన్నా, తప్పుగా అనుకోబాక. నీ మాదిరే మా తమ్ముడు గూడా మద్రాసు పోయొచ్చినాడు. అరుపులు పోయినాయి. మనిషైతే ఇంట్లోనే ఉండాడు గానీ పన్లో లేడు. కావాలనే సోమరిగా కూచుంటాండాడని మా ఆయన కొట్టబోయినాడు. నువ్వొకసారొచ్చి మాట్లాడతావా?"

నేనేం డాక్టరునని అన్నాను. ఆమె వినలేదు. ఆదివారం దాదాష్ నన్ను బస్సు ఎక్కించాడు.

పోలమ్మ తమ్ముడు అంజయ్య ఒడ్డున పడవ నీడలో వల బాగుచేస్తూ కూర్చున్నాడు. చెయ్యి వల మీద ఉంది, కదలడం లేదు. నేను పక్కన కూర్చున్నాను. నాకు తెలుగులో ఆ మాట ఎలా అడగాలో తెలియదు. నా తెలుగు స్టేషను తెలుగు. వాళ్ళది సముద్రం తెలుగు.

"మరుపు ఉంటోందా?" అన్నాను.

"లేదు," అన్నాడు వెంటనే. ఆ "లేదు" నాకు బాగా తెలుసు.

వల ఇంకో కొస నా ఒళ్ళోకి లాక్కున్నాను. తర్వాత అడిగాను. "చిన్నప్పుడు మీయమ్మ పిలిస్తే పలక్కుండా ఎటో చూస్తా కూచున్నావనుకో. ఏమనేది?"

 గంప నెత్తిన పెట్టుకుని ఎదురుగా నిలబడ్డ పోలమ్మ చెప్పబోతే చేత్తో వారించాను.

"'మనిషి గట్టునుండాడు, మనసు సంద్రానికి పోయింది' అనేది," అన్నాడు.

"ఇప్పుడు గూడా పోతాందా?"

అంజయ్య వల మీంచి కళ్ళెత్తి మొదటిసారి నన్ను చూశాడు.

"పోతాందన్నా. పోతానే ఉంటాది. ముడి ఏసినానో లేదో తెలవదు. ఎవురూ నన్ను ఇట్టా అడగలా."

పోలమ్మ నెత్తి మీది గంప దించి మా పక్కనే ఇసుకలో కూలబడింది. "ఇంకేమవతాందిరా, అబ్బయా? చెప్పు," అంది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు.